508001 లోపల ఏముంది?

వ్యాఖ్యాత: నమస్కారం. నల్లగొండ నుండి వస్తున్న ఈ గణిత సంభాషణకు స్వాగతం. మేడమ్ ఈ రోజు ఒక పాత కవరు వెంట తెచ్చారు. దాని మీద ఆరు గళ్లలో 508001 అని, మన హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడ్ రాసి ఉంది. ఇందులో గణితం ఎక్కడుంది, మేడమ్?

ఉపాధ్యాయురాలు: 1972 ఆగస్టు 15న మొదలైన పిన్‌కోడ్‌లు ఉత్తరాలను ప్రాంతాలవారీగా వేరు చేయడానికే గానీ గణితం కోసం పుట్టినవి కావు. గుణాలు చూసి ఎవరూ ఏరుకోని సంఖ్య కాబట్టే దీన్ని విప్పి చూడాలనిపించింది. చివర 1 ఉంది, అంకెల మొత్తం 14. కాబట్టి 2, 3, 5 మూడూ దీన్ని నిశ్శేషంగా భాగించవు. చూడగానే ప్రధాన సంఖ్యేమో అనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అది తేలాలంటే చాలా భాగహారాలు చేయాలి కదా?

ఉపాధ్యాయురాలు: 713 వర్గం 508369, అంటే మన సంఖ్యను దాటిపోతుంది కనుక, 712 లోపు ప్రధాన సంఖ్యలను పరీక్షిస్తే సరిపోతుంది. అయితే అంత దూరం పోనక్కర లేదు. 7, 11, 13ల లబ్ధం 1001. వెయ్యి దానికి ఒకటే తక్కువ కాబట్టి, సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీసి 508 నుండి 001 తీసివేసి, వచ్చిన 507ను చూస్తే చాలు. అది 13 × 39. ఒక్క తీసివేతతో 7, 11 తప్పుకున్నాయి, 13 దొరికింది. మిగిలిన 39077కు హద్దు 197కు తగ్గుతుంది, 23 దాన్ని భాగిస్తుంది. అప్పుడు మిగిలే 1699కి 41 వరకే చూడాలి, ఏదీ భాగించదు. కాబట్టి 508001 = 13 × 23 × 1699.

వ్యాఖ్యాత: మరి మా పాలమూరు 509001?

ఉపాధ్యాయురాలు: అంకెల మొత్తం 15. అది 3 దగ్గరే దొరికిపోయింది!

వ్యాఖ్యాత: (నవ్వుతూ) సరే, మళ్లీ నల్లగొండకే వద్దాం.

ఉపాధ్యాయురాలు: 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చని ఫెర్మా చెప్పగా, ఆయిలర్ నిరూపించాడు. 13 అంటే 4 + 9, అలాగన్నమాట. 508001ని 4తో భాగించినా శేషం 1 వస్తుంది. అది చూసి తొందరపడి, 508001 నుండి 712 వర్గం, 711 వర్గం, అలా ఒక్కొక్కటే తీసివేసుకుంటూ, మిగిలింది వర్గమవుతుందేమోనని ఒక మధ్యాహ్నమంతా కాగితాలు నింపాను.

వ్యాఖ్యాత: దొరికిందా?

ఉపాధ్యాయురాలు: దొరకదు. ఒక సంఖ్య రెండు వర్గాల మొత్తం కావాలంటే, 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రతి ప్రధాన కారణాంకమూ అందులో సరి సార్లు ఉండాలి. ఇక్కడ 23కూ శేషం 3, 1699కీ శేషం 3, రెండూ ఒక్కొక్కసారే ఉన్నాయి. ఆ రెండు మూడ్లను గుణిస్తే తొమ్మిది, తొమ్మిదిని 4తో భాగిస్తే శేషం 1. నేను బయట చూసి మోసపోయిన ఒకటి అదే.