హార్బర్ చూడాలంటే ముందు ఆటుపోట్లు చూసుకోండి

అందరికీ నమస్కారమండీ. మైకు కిందకి దించినందుకు థ్యాంక్స్, మామూలుగా నేనెక్కడికెళ్ళినా అది నా తల మీద గాలితో మాట్లాడుతుంటుంది.

సిడ్నీలో మనందరి ఇళ్ళలో జరిగేదే చెప్తా. ఊర్నుంచి అత్తయ్యగారో నాన్నగారో వస్తారు, మోకాళ్ళు సహకరించవు, ఆదివారం అందరూ ఆపెరా హౌస్‌కి బయల్దేరేటప్పుడు "నేనెక్కడ నడుస్తాను, మీరెళ్ళి రండమ్మా" అంటారు, మనమూ సరే అనేస్తాం. ఆ మాట వెనక ఉన్నది చూడాలని లేకపోవడం కాదండీ, మీకు ఇబ్బంది అని. తొమ్మిదేళ్ళుగా ఈ వీల్‌చైర్‌లో ఉన్నా, నేనూ ఎన్నోసార్లు అదే డైలాగ్ కొట్టా.

సరే, ట్రైన్‌లో సర్క్యులర్ కీ వెళ్ళండి, ఫెర్రీలు బయల్దేరే ఒడ్డునే ఉన్న స్టేషన్ అది. ఎక్కే స్టేషన్‌లో స్టాఫ్‌కి చెప్తే ర్యాంప్ వేస్తారు, దిగే స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పేస్తారు. అక్కడ లిఫ్ట్ ఉంది, కానీ వెంటనే దిగిపోకండి, ప్లాట్‌ఫామ్ మీద నుంచే హార్బర్ బ్రిడ్జి, నీళ్ళు, ఫెర్రీలు అన్నీ కనిపిస్తాయి, పైసా ఖర్చు లేని వ్యూ అది. అక్కడ్నుంచి ఆపెరా హౌస్ దాకా చదునైన దారే. బిల్డింగ్ మాత్రం 1973లో ఓపెన్ చేశారు, బయట ఆ పెద్ద మెట్లు చూస్తే వీల్‌చైర్ అనే వస్తువు ఉందని ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఇప్పుడు లిఫ్టులున్నాయి, 2022లో కాన్సర్ట్ హాల్ బాగుచేసినప్పుడు నీళ్ళవైపు ఉన్న ఫోయర్‌కి, అంటే హాలు బయటి లాంజ్‌కి కూడా కుర్చీలో మనంతట మనమే వెళ్ళేలా చేశారు. అంటే దాదాపు యాభై ఏళ్ళు పట్టింది!

ఇప్పుడు అసలు సంగతి, ఫెర్రీలు. వీల్‌చైర్ బొమ్మ ఉందా లేదా అని చూసి మనం ధైర్యంగా వెళ్ళిపోతాం కదా, ఆ బొమ్మ నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో చెప్పదు. ఇక్కడ ఆటుకీ పోటుకీ తేడా ఒక్కోసారి రెండు మీటర్ల దాకా వస్తుంది, ఫెర్రీ ఎక్కడానికి నీళ్ళ మీద తేలే వేదిక, పాంటూన్ అంటారు, అది నీళ్ళతో పాటే కిందకి దిగిపోతుంది, గట్టు మాత్రం ఎక్కడిదక్కడే, రెండింటినీ కలిపే నడక వంతెన, అదే గ్యాంగ్‌వే, జారుడుబల్లలా తయారవుతుంది. ఒక చిన్న వార్ఫ్ (ఫెర్రీ రేవు) దగ్గర నేను దిగేటప్పుడు బానే దిగా, సాయంత్రం ఆటు టైముకి తిరిగొస్తే సగంలో చేతులు ఆగిపోయాయి, వెనకెవరో తెలియనాయన తోస్తే ఎక్కా. సముద్రం పక్కన పుట్టినోణ్ణి, మా ఊళ్ళో చేపలవాళ్ళు ఆటుపోట్లు వేళ్ళ మీద లెక్కేసి చెప్తారు, నాకు మాత్రం బుర్ర వెలగడానికి అంత అవస్థ కావాల్సొచ్చింది. అందుకే ఫెర్రీ టైము చూసిన ఫోన్‌లోనే ఆటుపోట్ల టైము కూడా చూసుకోండి, పోటుకి దగ్గర్లో వెళ్ళండి. పారమట్టా నుంచి నది ఫెర్రీ ఎక్కేవాళ్ళకైతే ఇంకో తంటా, నీళ్ళు మరీ తగ్గితే బోటు రైడల్‌మీర్ దాటి రాదు, అక్కడ్నుంచి బస్సే.

ఫస్ట్ టైమ్ అయితే బీచ్ ఉన్న మ్యాన్లీకి పెద్ద ఫెర్రీ ఎక్కండి. అరగంట ప్రయాణం, కింది డెక్‌లోనే ఉండాలి, పైకి మెట్లే. హార్బర్ సముద్రంలో కలిసే చోటు, హెడ్స్ అంటారు, అక్కడ అలలకి కుర్చీ ఊగుతుంది, బ్రేకులు వేసుకోండి. దిగాక కోర్సో వీధి మీదుగా బీచ్‌దాకా చదునే.

బ్రిడ్జి 1932 నాటిది, పక్కన నడిచే దారికి ఇప్పుడు రెండువైపులా లిఫ్టులున్నాయి. బ్రిడ్జి చివర ఉన్న రాతి బురుజు, పైలాన్, దాని పైకి మాత్రం 200 మెట్లు, దాన్ని మర్చిపోండి. బ్రిడ్జి పక్కనున్న పాతపేట ద రాక్స్‌లో రాళ్ళు పరిచిన సందులు కూడా, వెన్నునొప్పి ఉన్నవాళ్ళకి అస్సలొద్దు.

ఇంక ప్రశ్నలడగండి. టాయిలెట్ల గురించైతే ఇక్కడే గట్టిగా అడగండి, ప్రతిసారీ మీటింగయ్యాక నా చెవిలో అడిగేది అదే.