54 సాక్‌ల లెక్కలో కనిపించని మనిషి

సభకు నమస్కారం.

ఇక్కడున్న వారిలో చాలామంది దక్షిణ కరోలినాకు చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చినవారు. శరత్కాలపు శనివారాల్లో క్లెమ్సన్ ఊరంతా నారింజ రంగు చొక్కాలతో నిండిపోవడం, 80 వేల మందికి పైగా పట్టే స్టేడియం హోరెత్తడం చూసే ఉంటారు. ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్న విషయం ఒకటుంది. 2018 సీజన్‌లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయ జట్టు డిఫెన్స్, అంటే ఎదుటి దాడిని ఆపే ఆటగాళ్ళు, ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లను 54 సార్లు నేలకూల్చింది. ఆ ఏడాది దేశంలో మరే జట్టూ అన్నిసార్లు ఆ పని చేయలేదు. ఆ 54 ఎలా వచ్చాయో, ఎవరి వల్ల వచ్చాయో ఈరోజు చెప్పాలనుకుంటున్నాను.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని, కాస్త వెనక్కి జరిగి, ఎవరికి విసరాలో చూసుకుంటాడు. అతని ముందు అయిదుగురు భారీకాయులు గోడలా నిలబడతారు. ఆ గోడను దాటి వెళ్ళి, అతను బంతి విసరకముందే, ఆట మొదలైన గీత వెనుక పడగొడితే దాన్ని సాక్ అంటారు. బంతి అతని చేతిలో మామూలుగా రెండున్నర, మూడు సెకన్లకు మించి ఉండదు. పని మొత్తం ఆ వ్యవధిలోనే జరిగిపోవాలి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. మైదానంలో డిఫెన్స్‌కు పదకొండు మంది. నలుగురే ముందుకు దూకితే, మిగిలిన ఏడుగురు బంతి అందుకునేవారిని కాపు కాయవచ్చు. అందుకునేందుకు అర్హులు అయిదుగురే కాబట్టి ఏడుగురు కాపుంటే క్వార్టర్‌బ్యాక్‌కు దారి దొరకదు. ఆ నలుగురూ చేరుకోలేకపోతే ఐదో మనిషిని, ఆరో మనిషిని కూడా పంపాలి. దాన్ని బ్లిట్జ్ అంటారు. అప్పుడు వెనుక ఖాళీలు ఏర్పడతాయి. మంచి క్వార్టర్‌బ్యాక్ ఎదురుచూసేది ఆ ఖాళీల కోసమే. అందుకే ఏ కోచ్ అయినా నలుగురితోనే ఈ పని జరిగిపోవాలని కోరుకుంటాడు. అలాంటి నలుగురు ఒకే జట్టులో, ఒకే ఏడాది దొరకడం చాలా అరుదు.

క్లెమ్సన్‌కు దొరికారు. అంచుల్లో క్లెలిన్ ఫెరెల్, ఆస్టిన్ బ్రయంట్. మధ్యలో క్రిస్టియన్ విల్కిన్స్, డెక్స్‌టర్ లారెన్స్. అభిమానులు వీళ్ళను పవర్ రేంజర్స్ అని పిలుచుకునేవారు. 2018 జనవరి 1న షుగర్ బౌల్ అనే జాతీయ సెమీఫైనల్‌లో అలబామా చేతిలో 24-6తో ఓడిపోయాక విల్కిన్స్, ఫెరెల్, బ్రయంట్ ముగ్గురికీ వృత్తి ఆటగాళ్ళ లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్.కు వెళ్ళిపోయే అవకాశం ఉంది. అక్కడ కోట్ల డాలర్లు ఎదురుచూస్తున్నాయి. కాలేజీలో మరో ఏడాది ఆడితే గాయమై అవన్నీ పోయే ప్రమాదం ఉంది. అయినా ముగ్గురూ ఉండిపోయారు. ఆ ఏడాది విల్కిన్స్ స్థానిక బడుల్లో పిల్లలకు పాఠాలు కూడా చెప్పాడు. చదువులో, ఆటలో, నాయకత్వంలో రాణించిన కాలేజీ ఆటగాడికిచ్చే క్యాంప్‌బెల్ ట్రోఫీ అతనికే దక్కింది. ఈ సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత బరువున్న మనుషుల ఆట కేవలం బలంతో నడుస్తుందని మనలో చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మనిషి దగ్గరకు వస్తాను. ఆ సీజన్‌లో ఫెరెల్ పేరు మీద పదకొండున్నర సాక్‌లు నమోదయ్యాయి. లారెన్స్ పేరు మీద ఒకటిన్నర. ఇద్దరు కలిసి పడగొడితే చెరో సగం రాస్తారు, అందుకే ఆ అర. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవాడు లారెన్స్‌ను సాధారణ ఆటగాడనుకుంటాడు. అది పెద్ద పొరపాటు.

లారెన్స్ ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషి, బరువు 150 కిలోలకు పైమాటే. నలుగురు దూకుతుంటే ఆపేవాళ్ళు అయిదుగురు కాబట్టి, ఎదుటి జట్టుకు ఒక మనిషి మిగులుతాడు. అతన్ని ఎక్కడ పెట్టాలి? లారెన్స్ ముందు ఒక్కడినే నిలబెడితే ఆ ఒక్కడూ క్వార్టర్‌బ్యాక్ ఒళ్ళో పడతాడు. కాబట్టి ఇద్దరిని పెట్టక తప్పదు. దానితో అంచున ఉన్న ఫెరెల్‌కు ఎదురుగా ఒక్కడే మిగులుతాడు. క్వార్టర్‌బ్యాక్‌కు ముందుకు అడుగు వేసి తప్పించుకునే చోటు కూడా ఉండదు, ఎందుకంటే మధ్యలో గోడ కూలి అతని మీదకే వస్తోంది. అతను వెనక్కో పక్కకో జరుగుతాడు. అక్కడ ఫెరెల్ ఉంటాడు. మన కబడ్డీలో రైడర్ కాలు మడమ దగ్గర పట్టి బిగించినవాడు ఒకడైతే, పైన పడి ఆపినవాళ్ళు మరికొందరు. అక్కడ పాయింటు జట్టుకు వస్తుంది, ఇక్కడ సాక్ ఒక పేరు మీద పడుతుంది.

అంచుల్లో ఉన్నవారి పనిని నేను తక్కువ చేయడం లేదు. ఫెరెల్ మొదటి అడుగు చూడవలసిందే. బంతి నేల మీద నుంచి కదలగానే అతను కదిలేవాడు. క్వార్టర్‌బ్యాక్ అరుపులకు మోసపోకుండా బంతిని మాత్రమే చూడటం ఎంతో సాధన చేస్తేగాని రాదు. సొంత మైదానంలో జనం హోరు ఇందుకు బాగా తోడ్పడుతుంది. ఎదుటి జట్టు లైనుకు తమ క్వార్టర్‌బ్యాక్ మాట వినిపించదు, వాళ్ళు రెప్పపాటు ఆలస్యంగా లేస్తారు. ఆ రెప్పపాటు చాలు. ఆ తర్వాత చేతుల పని. ఎదుటివాడి చేతులను కొట్టి తప్పించడం, భుజం దించి కింద నుంచి దూరడం, లేదా లోపలి ఆటగాడు బయటికి, బయటి ఆటగాడు లోపలికి అడ్డంగా మారి కాపలాదారులను తికమకపెట్టడం.

దాంతోపాటు ఊపిరి కూడా ముఖ్యమే. అంత బరువుతో ప్రతిసారీ పూర్తి బలంతో దూకితే మనిషి త్వరగా అలసిపోతాడు. డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్రెంట్ వెనబుల్స్ దగ్గర దించడానికి రెండో వరుస సిద్ధంగా ఉండేది. దాని విలువ డిసెంబరులో బయటపడింది. నిషిద్ధ పదార్థం ఆస్టరీన్ ఆనవాళ్ళు పరీక్షలో కనిపించడంతో లారెన్స్ చివరి రెండు ఆటలకు దూరమయ్యాడు. అతని చోట ఆల్బర్ట్ హగిన్స్ దిగాడు. డిసెంబరు 29న కాటన్ బౌల్ అనే సెమీఫైనల్‌లో నోటర్ డామ్ మీద ఆరు సాక్‌లు వచ్చాయి, స్కోరు 30-3. 2019 జనవరి 7న శాంటా క్లారాలో జరిగిన ఫైనల్లో అదే అలబామాను 44-16తో ఓడించారు. రెండో అర్ధభాగంలో అలబామాకు ఒక్క పాయింటూ రాలేదు. క్లెమ్సన్ 15-0తో సీజన్ ముగించింది.

ఒక చిన్న వివరం ఇక్కడ చెప్పాలి. కాలేజీ ఫుట్‌బాల్‌లో సాక్‌ను ఆటగాళ్ళ వారీగా అధికారికంగా లెక్కించడం 2000లోనే మొదలైంది. అందుకే 1988లో అలబామా తరఫున డెరిక్ థామస్ సాధించిన 27 సాక్‌లు అధికారిక రికార్డు కావు. ఆ స్థానంలో 2002లో టెరెల్ సగ్స్ సాధించిన 24 ఉన్నాయి. లెక్క పెట్టడం ఇంత ఆలస్యంగా మొదలైన చోట, సాక్‌కు దారితీసిన పనిని లెక్కించే అలవాటు ఇంకా ఆలస్యంగా రావడంలో వింత లేదు.

2019 ఏప్రిల్‌లో, కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఎన్.ఎఫ్.ఎల్. ఎంపికలు జరిగాయి. ఫెరెల్‌ను నాలుగో స్థానంలో ఓక్లాండ్, విల్కిన్స్‌ను 13వ స్థానంలో మయామి, ఒకటిన్నర సాక్‌ల లారెన్స్‌ను 17వ స్థానంలో న్యూయార్క్ జెయింట్స్ తీసుకున్నాయి. ఒకే కాలేజీ లైను నుంచి మొదటి రౌండులోనే ముగ్గురు! బ్రయంట్‌ను నాలుగో రౌండులో డెట్రాయిట్ తీసుకుంది. ఫెరెల్ ఆ తర్వాత నాలుగో స్థానానికి తగిన అంకెలు చూపలేకపోయాడు. ఆ జట్టులో అతని పక్కన ఇద్దరిని మింగే మనిషి లేకపోవడం కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం. లారెన్స్ మాత్రం న్యూయార్క్‌లో మధ్యలోనే, ఇద్దరేసి ఆపుతున్నా ఆడుతూ వచ్చాడు. 2024లో మోచేతి గాయంతో ఆగిపోయేలోపు 12 ఆటల్లో తొమ్మిది సాక్‌లు అతని పేరు మీదే నమోదయ్యాయి.