గోపాలకృష్ణ కవికి ఒక గది

సభకు నమస్కారం. ఒడియా కవి గోపాలకృష్ణ పట్నాయక్ గారు రాధాకృష్ణుల పాటలు కట్టింది మన పర్లాకిమిడిలోనే. ఆయన పేరున ఒక మ్యూజియం పెడదామని నేను ఎవరితో అన్నా, "పెట్టడానికి ఆయన వస్తువులేవండీ?" అంటారు. మాట అక్కడికి ఆగిపోతుంది.

జర్మనీలోని బాన్‌లో సంగీతకారుడు బీథోవెన్ పుట్టిన ఇల్లుంది. దాన్ని పడగొట్టేస్తారన్న భయంతో 1889లో ఆ ఊరివాళ్లు 12 మంది కలిసి సంఘం పెట్టి కొనేశారు. 1893లో మ్యూజియం తెరిచారు. ఇప్పుడు అక్కడ ఆయన చేతిరాత ప్రతులున్నాయి. చెవుడు ముదిరాక వినడానికి చెవికి పెట్టుకున్న లోహపు గొట్టాలున్నాయి. కోన్రాడ్ గ్రాఫ్ అనే ఆయన చేసిన పియానో కూడా ఉంది. మామూలుగా ఒక్కో స్వరానికి మూడు తీగలుంటే, శబ్దం గట్టిగా రావాలని ఇందులో చాలా స్వరాలకు నాలుగేసి బిగించారు. ఆ నాలుగో తీగ గురించి వింటే చాలు, ఆయన పడ్డ బాధ తెలుస్తుంది. అలాంటి వస్తువులు మనకు లేవు, నిజమే.

మరి త్యాగరాజస్వామి కీర్తనలు మనదాకా ఎలా వచ్చాయి? ఆయన శిష్యులు రాసిపెట్టుకోబట్టి. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కొడుకు దాచిన ప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. వాళ్ల ఇంటి భాష సౌరాష్ట్రం. తమిళ దేశంలో ఉంటూ మన తెలుగు పాటను భద్రం చేశారు. ఆ పని ఇక్కడ ఒడియా పాటకు మనం ఎందుకు చేయకూడదు? 1936లో ఒడిశాలో కలిసేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఒడియా పాటను తెలుగు లిపిలో రాసుకుని పాడుకున్న అమ్మమ్మలు మన ఇళ్లలో ఉండే ఉంటారు. ఆ నోటుబుక్కులు పాత సామాన్లవాడికి పోకముందే చూడండి.

పుస్తకం ఇచ్చేయమని అడగడం లేదు, ఇస్తే తిరిగి వస్తుందా అన్న టెన్షనూ వద్దు. మీ ముందే ఫోటోలు తీసుకుంటాం. పాట వరస వచ్చినవాళ్లుంటే ఫోన్‌లో రికార్డు చేస్తాం. గొంతు బాగోలేదని మొహమాటపడకండి, మాకు కావలసింది వరస. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పండక్కి పాడేవారో కూడా రాసుకుంటాం. గది అద్దె సంగతి తర్వాత చూద్దాం. పేర్లు ఇవ్వదలచినవాళ్లు కాఫీ తాగి వెళ్లేలోపు ఇవ్వండి.