పదహారు గళ్ల ఆట

అందరికీ నమస్కారం. కంప్యూటర్స్ చదివే పిల్లలకు మొబైల్ ఆటల గురించి చెప్పమని పిలిస్తే, నేను పులిజూదంతో మొదలుపెడతానని మీ మేడం అనుకుని ఉండరు. మా ఊరి రచ్చబండ మీద బొగ్గుతో గీసిన గీతలు, మూడు పులులు, పదిహేను మేకలు. నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మా తాత మీద గెలవడానికి మాత్రం నాకు రెండు వేసవి సెలవులు పట్టింది.

2048 అనే ఆట కూడా అట్లాంటి చిన్నదే. 2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు ఒక్క వారాంతంలో రాసేసి, కోడ్‌ను అందరికీ వదిలేశాడు. పదహారు గళ్లు. వేలితో ఒక పక్కకు తోస్తే అంకెలన్నీ అటు జారతాయి, ఒకే అంకె ఉన్న రెండు గళ్లు తగిలితే కలిసి రెట్టింపవుతాయి. తోసిన ప్రతిసారీ ఒక ఖాళీ గడిలో కొత్త అంకె పుడుతుంది: పదింట తొమ్మిదిసార్లు 2, ఒకసారి 4. టైమర్ లేదు, కథ లేదు. అనంతపురంలో బస్సెక్కి ఆడుతుంటే గుత్తి దగ్గర సిగ్నల్ పోయినా ఆట ఆగదు.

ఒక లెక్క వేయండి. తోపుకు సగటున 2.2 చేరుతుంది కాబట్టి 2048 అంకె ఉన్న గడి రావాలంటే సుమారు 930 సార్లు తోయాలి. అన్నిసార్లూ విసుగు లేకుండా తోయిస్తుంది చూడండి, అదీ దాని గొప్ప.

ఇక లోపం. ఒక కిటుకు తెలిస్తే ఆలోచించకుండానే ఆడేయొచ్చు. పెద్ద అంకెను కింది ఎడమ మూలలో పెట్టి, కింది వరుస నింపేసి, ఎడమకూ కిందికీ తోస్తూ పోండి. పైకి మాత్రం తోయకండి. తోశారో, పెద్ద అంకె పైకి జరిగి, ఆ మూలలో ఒక 2 వచ్చి కూర్చోవచ్చు. ఇక టెన్షనే! ఈ కిటుకు తెలిసినప్పటినుంచి నేను డోన్ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఆడుతున్నా. వేలు దాని పని అది చేసుకుంటోంది.

2048కి నెల ముందు వచ్చిన థ్రీస్ అనే ఆట ఇట్లా కాదు. దాని మీద ముగ్గురు 14 నెలలు పనిచేశారు. అందులో 1, 2 కలిస్తేనే 3. ఆ తర్వాత సమాన అంకెలే కలుస్తాయి. ఒక్కో తోపుకు అంకెలు ఒక్క గడి దూరమే జరుగుతాయి, రాబోయేదాని సూచన ముందే కనిపిస్తుంది, కొత్త అంకె మీరు తోసిన వైపుకు ఎదురు అంచునుంచి వస్తుంది. అంటే దాన్ని ఎటునుంచి రప్పించాలో కూడా మీరే ఆలోచించాలి. గుడ్డిగా తోస్తే నడవదు. నా ఓటు దీనికే. కానీ డబ్బు పెట్టి కొనాల్సిన ఆట కావడంతో, ఉచితంగా దొరికిన 2048 దాన్ని మింగేసింది. ఆ కోడ్ తీసుకుని మధ్యమధ్య యాడ్లు కుక్కిన నకళ్లయితే లెక్కలేనన్ని. అవి ఆడేవాళ్ల ఓపికకు దండం.

చాక్‌పీసు ఒకటి ఇవ్వండి. ఆ మూల కిటుకు ఎక్కడ దెబ్బతింటుందో బోర్డు మీద గీసి చూపిస్తా.