పంజరంలో పక్షికి ఎలాంటి వెలుతురు?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పక్షిని పెంచుకునేవాళ్ళు దాని తిండి గురించీ, పంజరం సైజు గురించీ నలుగురినీ అడిగి తెలుసుకుంటారు. దీపం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గదిలో ఉన్న లైటు చాల్లే అనుకుంటారు. పగలంతా తలుపులు వేసి ఉండే గదిలో, ఒక మూలన, ఏళ్ళ తరబడి బతికే ప్రాణికి ఆ లైటు ఒక్కటే సూర్యుడు. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

ఎండ తగలని చెట్టు నీడలో కూడా పగటి వెలుతురు 10,000 లక్సుల (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ఇంటి గదిలో లైటు వేస్తే వచ్చేది మామూలుగా రెండు మూడు వందలు. మన కన్ను ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా ఉందని మనకు తెలియదు. పంజరాన్ని కిటికీ దగ్గరగా, నేరుగా ఎండ పడని చోట పెడితే ఈ లోటు చాలావరకు తీరుతుంది. ఏ బల్బు కొనాలన్నది ఆ తర్వాతి మాట.

అయితే వెలుతురు ఎంత ఉందన్నది సగం సంగతే. రంగులు చూడటానికి మన కంటిలో మూడు రకాల కణాలుంటే, పక్షి కంటిలో నాలుగు రకాలుంటాయి. ఆ నాలుగోది చిలుకలకూ, ఫించ్‌లనే చిన్న పాట పక్షులకూ అతినీలలోహిత కాంతిని, అంటే మనకు అసలు కనిపించని కాంతిని చూపిస్తుంది. బడ్జీ అనే చిన్న చిలుక తల మీది పసుపు ఈకలు ఆ కాంతిని పీల్చుకుని మెరుస్తాయి. జతగాణ్ణి ఎంచుకోవడంలో ఆ మెరుపుకు పాత్ర ఉందని 2002లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. మామూలు ఎల్‌ఈడీ బల్బులో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు. దాని కింద జోడీ పక్షి ఈకలు కూడా పక్షికి తమ అసలు రంగులో కనిపించవు.

రెండో చిక్కు రెపరెపలు. సెకనుకు సుమారు యాభై అరవై సార్లకు మించి ఆరి వెలిగే దీపం మన కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. కొన్ని చిన్న పాట పక్షులు 130 నుంచి 145 దాకా కూడా ఆ రెపరెపను పసిగట్టగలవని కొలిచి చూశారు. పాతకాలపు చోక్ ఉన్న ట్యూబ్‌లైటు, 50 హెర్ట్జ్ కరెంటు మీద, సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. నాసిరకం ఎల్‌ఈడీలదీ అదే తీరు. అలాంటి పక్షికి ఆ గది రోజంతా సినిమా రీలు ఆగి ఆగి నడిచినట్టు ఉండొచ్చు. చిలుక జాతుల్లో ఈ శక్తి కొంత తక్కువ. కాబట్టి ఫించ్‌లు పెంచేవాళ్ళు మరింత జాగ్రత్తపడాలి. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబు గానీ, మంచి డ్రైవర్ (కరెంటును నిలకడగా అందించే భాగం) ఉన్న ఎల్‌ఈడీ గానీ తీసుకోండి. ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే నాసిరకం దీపం పట్టుబడుతుంది. తెర మీద చారలు కదులుతాయి, లేదా వెలుగు ఎగసిపడుతుంది.

ఇక ఆరోగ్యం సంగతి. పక్షి ఒంట్లో డి3 విటమిన్ తయారవడానికి అతినీలలోహిత కాంతిలోనే యూవీ-బి అనే భాగం కావాలి. డి3 లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు. గింజలే తినే చిలుకల్లో, ముఖ్యంగా ఆఫ్రికన్ గ్రేల్లో, రక్తంలో కాల్షియం పడిపోయి వణుకు, మూర్ఛ దాకా వెళ్ళిన సందర్భాలు పశువైద్యులకు బాగా తెలుసు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. కిటికీ అద్దం యూవీ-బిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనక ఎంతసేపు ఎండ కాచుకున్నా డి3 రాదు, వేడి మాత్రం పెరుగుతుంది. వీలైనప్పుడు పంజరాన్ని కాసేపు బయట ఉంచడం మేలు. అయితే పంజరంలో సగానికి నీడ ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. వెలుతురూ నీడా రెండూ ఇస్తే ఎక్కడ కూర్చోవాలో పక్షే చూసుకుంటుంది.

బయట పెట్టడం కుదరనప్పుడు యూవీ, అంటే అతినీలలోహిత దీపం. డబ్బా మీద ఫుల్ స్పెక్ట్రమ్ అని ఉంటే సరిపోదు. ఆ మాటకు కట్టుబాటు ఏమీ లేదు, యూవీ అసలే లేని బల్బుల మీదా అది రాస్తారు. పక్షుల కోసమే చేసినది అడగండి. ఎడారి బల్లుల కోసం అమ్మే దీపాలు అంతకంటే చాలా తీవ్రంగా ఉంటాయి, కళ్ళు దెబ్బతింటాయి. దీపం పంజరం పైనే ఉండాలి, పక్కన కాదు. ఆకాశం నుంచి పడే వెలుగుకు అలవాటుపడిన కళ్ళకు కనుబొమ్మ గట్టు కాపు కాస్తుంది, అడ్డంగా వచ్చే వెలుగు సూటిగా లోపలికి దూరుతుంది. తయారీదారు చెప్పిన దూరం పాటించండి. బల్బు అయితే దూరం రెట్టింపయ్యేసరికి దాని శక్తి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. మధ్యలో గాజుగానీ ప్లాస్టిక్ పలకగానీ అడ్డుంటే పెట్టినా వృథా. చాలా యూవీ దీపాలు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు నీరసిస్తాయి. అప్పటికీ కంటికి బాగానే వెలుగుతున్నట్టు ఉంటాయి, అందుకే బిగించిన తేదీని దీపం మీద రాసి పెట్టుకోండి.

యూవీ లేని మామూలు దీపం రంగు గురించి రెండు మాటలు చాలు. 5,000 నుంచి 6,500 కెల్విన్ల (దీపం రంగును చెప్పే కొలత) మధ్య, సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90కి పైన.

ఇంత చెప్పాక చీకటి గురించి చెప్పకపోతే మాట పూర్తి కాదు. పక్షికి వెలుతురు కళ్ళ నుంచే కాదు, పుర్రె ఎముక గుండా నేరుగా మెదడులోకి కూడా చేరుతుంది. 1930లలో ఫ్రాన్స్‌లో జాక్ బెన్వా బాతుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది తేలింది. అంటే కళ్ళు మూసుకుని నిద్రపోతున్నా మన టీవీ వెలుగు దాని మెదడును తాకుతుంది. పదహారు గంటల వెలుతురు చూసిన ఒంటికి అది గుడ్లు పెట్టే కాలం అనిపిస్తుంది. ఒంటరి ఆడ కాకటీల్ (జుట్టున్న చిన్న చిలుక జాతి) ఆగకుండా గుడ్లు పెట్టి, కాల్షియం అంతా కోల్పోయి, గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. పది నుంచి పన్నెండు గంటల వెలుతురు, మిగతాది నిజమైన చీకటి. టైమర్ పెడితే ఈ క్రమం తప్పదు. కాకటీల్‌లు రాత్రి ఉలిక్కిపడి పంజరంలో కొట్టుకుంటాయి కాబట్టి వాటికి ఒక మూల బాగా మసక దీపం ఉంచొచ్చు. లైటు ఒక్కసారిగా ఆర్పకుండా డిమ్మర్‌తోనో, ముందు పెద్ద దీపం తర్వాత చిన్నది ఆర్పుతూనో సాయంత్రంలా తగ్గించండి. చవక డిమ్మర్లు మళ్ళీ రెపరెపలు తెస్తాయి, ముందు చెప్పిన ఫోను పరీక్ష అప్పుడూ చెయ్యండి.

ఒక ప్రాణాపాయం. చలికి వెచ్చదనం కోసం పెట్టే కొన్ని బల్బులకు, పగిలినా ముక్కలు చెదరకుండా పైన టెఫ్లాన్ వంటి పూత వేస్తారు. వేడికి అందులోంచి వచ్చే పొగ మనిషికి తెలియకుండానే పక్షిని చంపేస్తుంది. అలాంటి బల్బు పక్షి ఉన్న ఇంట్లోకే రానివ్వకండి. వైర్లు ముక్కుకు అందని చోట ఉండాలి. చిలుకలు వాటిని కొరికి తీరతాయి.

కొత్త యూవీ దీపం పెట్టిన మొదటి రోజుల్లో కొద్ది గంటలతో మొదలుపెట్టి పక్షిని గమనించండి. కళ్ళు సగం మూసుకోవడం, కంటి చుట్టూ ఎరుపు లేదా వాపు, ముఖాన్ని కర్రకు రుద్దుకోవడం, దీపానికి దూరంగా మూలకు నక్కడం. వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే దీపం ఆర్పేసి, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి. దీపం డబ్బా కూడా వెంట తీసుకెళ్తే ఆయనకు పని తేలికవుతుంది.

నమస్కారం.