యూర్యాలీ ఏడుపు

గ్రీకు పురాణాల్లోని రాక్షస అక్కచెల్లెళ్లు గోర్గన్లు. కానీ గోర్గన్ అనగానే అందరూ మెడూసా పేరే చెబుతారు. విన్న ప్రతిసారీ నా మనసు చివుక్కుమంటుంది. వాళ్లు ముగ్గురండీ! స్థెనో, యూర్యాలీ, మెడూసా. గ్రూప్ ఫోటోలోంచి ఇద్దరిని కత్తిరించేసి, మిగిలిన ఒక్కదాన్నే ఫ్రేమ్ కట్టి గోడకు తగిలించినట్టుంది. ఈరోజు ఆ కత్తిరించిన ముక్క గురించి మాట్లాడదాం. ముఖ్యంగా యూర్యాలీ గురించి.

తల నిండా పాములు, మెడూసాని చూస్తే రాయైపోవడం, డాలులో ఆమె నీడ చూస్తూ తల నరికిన వీరుడు పర్సియస్, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. ప్రాచీన గ్రీకు కవి హెసియొడ్ చెప్పిన ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ముగ్గురిలో చావున్నది మెడూసాకే. మిగతా ఇద్దరికీ చావూ లేదు, ముసలితనమూ లేదు. అంటే తల తెగడంతో మెడూసా బాధ తీరిపోయింది. యూర్యాలీ బాధ ఎప్పటికి తీరాలి?

ఇప్పుడు కత్తిరించని ఫోటో చూపిస్తాను.

(తెర మీద: ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలోని పెద్ద కూజా)

ఇది క్రీ.పూ. 7వ శతాబ్దం చివరిది. నాలుగడుగుల ఎత్తు. సమాధి మీద గుర్తుగా నిలబెట్టింది. తల లేని మెడూసా కూలిపోతోంది, తోబుట్టువులిద్దరూ రెక్కలు విప్పి పరుగెడుతున్నారు. మరి పర్సియస్ ఏడీ? లేడు! ఆ చిత్రకారుడు వీరుణ్ణే ఫోటోలోంచి తీసేసి, అయినవాళ్లని ఉంచాడు. నాకు ఈ కూజా అంటే ప్రాణం.

ఇక గ్రీకు కవి పిండార్ పాట. క్రీ.పూ. 490లో సిసిలీలోని అక్రగాస్ ఊరివాడు, మిడాస్ అనే వాద్యకారుడు డెల్ఫీ పోటీల్లో ఔలోస్ వాయించి గెలిచాడు. సన్నాయిలా పీక పెట్టి ఊదే జంట గొట్టాల వాద్యం అది. అతని మీద పాట కడుతూ పిండార్ ఏమన్నాడంటే, మెడూసా చచ్చిపోయినప్పుడు యూర్యాలీ గొంతు చించుకుని ఏడ్చింది, ఎథీనా దేవత ఆ ఏడుపు విని దాన్నే ఔలోస్ మీద పలికించింది, 'అనేక తలల రాగం' అని పేరు పెట్టింది.

ఒక్కసారి ఆలోచించండి. పర్సియస్ పక్షాన నిలబడి ఆ చావుకి సాయం చేసింది ఎథీనాయే. ఆ చావుకి ఏడ్చిన గొంతుని పాటగా మార్చిందీ ఆవిడే. యూర్యాలీని ఎవరూ ఓదార్చలేదు. గ్రీకు పురాణాల్లో నన్ను ఇంతగా కదిలించిన ఘట్టం ఇంకోటి లేదు.

టైమ్ అయిపోతోంది, ఈ కాలపు రూపాలు గబగబా చెప్తాను. 1981 నాటి 'క్లాష్ ఆఫ్ ది టైటాన్స్' సినిమాలో మెడూసా ఒక్కతే, అంటే మళ్లీ కత్తెర పడింది. జపాన్ వాళ్ల 'ఫేట్' గేముల్లో యూర్యాలీ విల్లు పట్టిన చిన్నపాటి అందగత్తె. రిక్ రియోర్డన్ 2011 నవల 'ది సన్ ఆఫ్ నెప్ట్యూన్'లో స్థెనో, యూర్యాలీ మెడూసా పగ తీర్చుకోవడానికి కథానాయకుడు పెర్సీ వెంటపడతారు. ఆ పరుగు కూజా మీదదే, కానీ ఏడుపు వినిపించదు. నటలీ హేన్స్ 2022 నవల 'స్టోన్ బ్లైండ్'లో మాత్రం ఆ ఇద్దరూ చంటిపాప మెడూసాని పెంచి పెద్దచేస్తారు. ముగ్గురూ ఉన్న ఫోటో అంటే నాకు అదే.

కూజా బొమ్మ కింద పెడుతున్నాను. ఫోన్‌లో పెద్దది చేసి చూడండి, కానీ మెడూసా ఒక్కదాని మీదే జూమ్ చెయ్యకండి.