నడిచిపోయేవాళ్ళ కోసం కళ: దారుల్లోని ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ల డిజైన్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఇంటరాక్టివ్ ఇన్‌స్టలేషన్ల, అంటే మనిషి వస్తేనో, ముట్టుకుంటేనో బదులిచ్చే కళాకృతుల, రివ్యూ చేద్దాం. అన్నీ కాదు, దారుల్లో పెట్టినవి మాత్రమే. అంటే కారిడార్లు, టన్నెళ్ళు, మెట్లు, రైల్వే ప్లాట్‌ఫామ్‌లు. ఈ ఛానల్ చూసేవాళ్ళలో డిజైనర్లు, ఆర్కిటెక్చర్ స్టూడెంట్లు, బల్ల మీద సెన్సర్లూ ఎల్‌ఈడీలూ పెట్టుకుని ప్రయోగాలు చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకని బాగుంది, బాగాలేదు అని వదిలేయకుండా లోపల ఏం జరుగుతోందో కూడా చూద్దాం.

ముందు నేను దేన్నిబట్టి మార్కులు వేస్తున్నానో చెప్పేస్తాను. గ్యాలరీకి వచ్చిన మనిషి చూడ్డానికే వచ్చాడు. ఒక బొమ్మ ముందు ఐదు నిమిషాలు నిలబడ్డా అతనికి తొందరేం లేదు. దారిలో నడిచే మనిషి సంగతి వేరు. ఒకరు రైలు అందుకోవాలి, ఒకరు డ్యూటీకి వెళ్ళాలి, ఇంకొకరు ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్తున్న బిడ్డ చెయ్యి పట్టుకుని నడుస్తున్నారు. వీళ్ళెవరూ మన కళ కోసం రాలేదు. ఆగి ఆడుకునేవాళ్ళకి ఎలాగూ ఏదో ఒకటి దక్కుతుంది. ఆగకుండా వెళ్ళిపోయే మనిషికి ఏం దక్కింది? నేను చూసేది అదే.

ఇలా ఆలోచిస్తే లెక్కలు కూడా తేలిగ్గా తేలతాయి. మామూలుగా మనం సెకనుకి సుమారు 1.3 మీటర్లు నడుస్తాం. 20 మీటర్ల కారిడార్ దాటడానికి 15 సెకన్లు. మన పనికి దొరికే టైమ్ మొత్తం అంతే. సెన్సర్ మనిషిని పట్టుకుని లైటు వెలగడానికి అర సెకను పట్టిందనుకోండి, ఈలోగా ఆ మనిషి 65 సెంటీమీటర్లు ముందుకు వెళ్ళిపోతాడు. వెలుగు అతని వీపు వెనక వస్తుంది. వెనకాల వచ్చేవాళ్ళకి కనిపిస్తుంది గానీ అతనికి తెలియనే తెలియదు. 0.1 సెకను లోపల బదులొస్తే మనకి అది వెంటనే వచ్చినట్టు ఉంటుంది. నడిచే దారిలో ఏం చేసినా ఈ అంకె దగ్గరే మొదలుపెట్టాలి.

ఇక మొదటిది, లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో ఉన్న 'నేచర్ ట్రయల్'. 2012లో జేసన్ బ్రూజెస్ స్టూడియో చేసింది. పిల్లల్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళే కారిడార్ గోడల మీద అడవి బొమ్మ ఉన్న వాల్‌పేపర్ అంటించారు. దాని వెనక 70 ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, అన్నీ కలిపి 72,000 ఎల్‌ఈడీలు. పిల్లలు పక్కనుంచి వెళ్తుంటే చెట్ల మధ్య గుర్రమో, జింకో, ముళ్ళపందో, కప్పో వెలుగులో కనిపించి కదులుతుంది.

ఈ పని నాకు ఇంత నచ్చడానికి కారణం ప్యానెళ్ళ ఎత్తు. అన్నింటినీ ఒకే వరసలో, పెద్దవాళ్ళ కంటికి సరిపోయే ఎత్తులో పెట్టేసి ఉంటే బిగించేవాళ్ళకి పని తేలికయ్యేది. వాళ్ళు అలా చేయలేదు. కొన్ని కిందకి, కొన్ని పైకి పెట్టారు. నడిచొచ్చే పిల్లకి ఒక ఎత్తు, ట్రాలీ మీద పడుకుని వచ్చే పిల్లాడికి ఇంకో ఎత్తు. పడుకున్న బిడ్డ చూపు ఎటు పోతుందో ఎవరో కూర్చుని ఆలోచించారు. ఇంకో సంగతి, ప్యానెల్ ఆరిపోయి ఉన్నప్పుడు కూడా గోడ మీద అడవి ఉంటుంది. సిస్టమ్ మొత్తం ఆగిపోయిన రోజున కూడా అక్కడ నల్లటి స్క్రీన్లు వేలాడవు. పైగా పిల్లలు చెయ్యి ఊపాలని గానీ, బటన్ నొక్కాలని గానీ అక్కడ రూలేం లేదు. భయంతో బిగుసుకుపోయిన పిల్లకి కూడా జింక కనిపిస్తుంది. ఈ రివ్యూలో నా మొదటి స్థానం దీనికే, చివర్లో చెబుదామని దాచుకోవడం లేదు.

రెండోది ఇంకో దారిలో వెళ్ళింది. అమెరికాలో బోస్టన్ పక్కనే కేంబ్రిడ్జ్‌లో, ఎంఐటీ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కెండల్ సబ్‌వే స్టేషన్‌లో 'కెండల్ బ్యాండ్' అని ఉంది. పాల్ మాటిస్ 1980ల్లో చేశాడు. రెండు ట్రాక్‌ల మధ్య వేలాడే వాయిద్యాలు మూడు: పైథాగరస్, కెప్లర్, గెలీలియో. పైథాగరస్ అంటే శ్రుతి చేసిన 16 అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య సుత్తులు. ప్లాట్‌ఫామ్ గోడకి హ్యాండిల్ ఉంటుంది. దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతుంటే ఎదురుగా వేలాడే సుత్తులు ఊగడం మొదలవుతుంది. మొదటిసారి లాగినప్పుడు ఏ శబ్దమూ రాదు. లయ పట్టుకుని మళ్ళీ మళ్ళీ లాగాలి. ఊపు పెరిగి పెరిగి, అప్పుడు సుత్తి గొట్టానికి తగులుతుంది.

ఇప్పుడే 0.1 సెకను అన్నాను కదా, ఇక్కడ బదులు రావడానికి అంతసేపు పడుతున్నా పని ఎందుకు బాగుంది? ఎందుకంటే అది ప్లాట్‌ఫామ్. అక్కడ జనం నడవడం లేదు, రైలు కోసం నిలబడి ఉన్నారు. ఏం తోచక నిలబడ్డ మనిషికి మెల్లగా వచ్చే బదులే బాగుంటుంది. అదే హ్యాండిల్‌ని తీసుకెళ్ళి నడిచే కారిడార్‌లో పెడితే ఎవరూ రెండోసారి లాగరు. కాబట్టి సైట్ చూడ్డానికి వెళ్ళినప్పుడు కొలిచే టేపు తీయకముందే ఒక పక్కన నిలబడి, జనం ఎక్కడ నడుస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో చూడండి. లిఫ్ట్ ముందు ఆగుతారు. తలుపు దగ్గర బ్యాగులో కార్డు వెతుక్కుంటూ ఆగుతారు. మలుపు దగ్గర అడుగు నెమ్మదిస్తుంది. ఒకే దారిలో ఈ మూడు చోట్లకీ మూడు రకాల డిజైన్ కావాలి.

న్యూయార్క్‌లో 34వ స్ట్రీట్ హెరాల్డ్ స్క్వేర్ స్టేషన్‌లో క్రిస్టఫర్ జానీ చేసిన 'రీచ్' కూడా ఇలా ఎదురుచూసేవాళ్ళ కోసం చేసిందే. తలకి పైన ఆకుపచ్చ గొట్టంలో సెన్సర్లు ఉంటాయి, చెయ్యి ఎత్తితే శబ్దం వస్తుంది. రెండు ప్లాట్‌ఫామ్‌ల మీదా ఉండటంతో అటు నిలబడ్డ మనిషీ ఇటు నిలబడ్డ మనిషీ కలిసి వాయించుకోవచ్చు. ఒక్క చిక్కేమిటంటే చెయ్యి పైకెత్తలేనివాళ్ళకీ, వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకీ అది అందదు.

మూడోది 'వాయిస్ టన్నెల్'. రఫాయెల్ లొజానో హెమ్మర్ 2013 ఆగస్టులో న్యూయార్క్ పార్క్ అవెన్యూ టన్నెల్‌లో చేశాడు. మామూలు రోజుల్లో కార్లు తిరిగే, 1,400 అడుగుల పొడవున్న టన్నెల్ అది. ఆ నెలలో మూడు శనివారాలు జనాన్ని లోపలికి నడవనిచ్చారు. మధ్యలో ఉన్న ఇంటర్‌కమ్‌లో ఏదైనా మాట్లాడితే, మీ గొంతు హెచ్చుతగ్గుల్ని బట్టి స్పాట్‌లైట్లు వెలుగుతాయి. మొత్తం 300 స్పాట్‌లైట్లు. ఆ రికార్డింగ్ అక్కడే మళ్ళీ మళ్ళీ మోగుతూ ఉంటుంది. ఇంకొకరు వచ్చి మాట్లాడగానే మీ గొంతు ఒక లైటు అవతలికి జరుగుతుంది. అలా జరిగి జరిగి చివరికి టన్నెల్ బయటకి వెళ్ళిపోతుంది.

నడిచేవాడి వైపు నుంచి చూడండి. మైక్ ముందు మాట్లాడేది ఎవరో ఒకరే. మిగతావాళ్ళు ఏం మాట్లాడకపోయినా, ఎవరెవరివో గొంతుల మధ్యలోంచి, ఆ గొంతులతో పాటు హెచ్చే తగ్గే వెలుగులోంచి నడుస్తారు. టన్నెల్ మొదట్లో పాత గొంతులు, మధ్యలో కొత్తవి. పొడవుగా ఉన్న దారిలో దూరాన్ని కాలంగా మార్చడం అన్న ఆలోచనకి నేను చేతులెత్తి దండం పెడతాను. అయితే ఇది పండగలా కొన్ని రోజులు ఉండి పోయే పని. అదే గొంతుల హోరు రోజూ ఆఫీసుకి వెళ్ళే దారిలో ఉంటే ఎవరూ భరించలేరు.

రోజూ అన్నాను కాబట్టి స్టాక్‌హోమ్ ఓడెన్‌ప్లాన్ స్టేషన్‌లోని పియానో మెట్ల గురించి, అంటే అడుగు వేస్తే పియానో స్వరం మోగే మెట్ల గురించి, కూడా చెప్పాలి. 2009లో ఫోక్స్‌వ్యాగన్ ప్రచారం కోసం చేశారు. మామూలు కంటే 66 శాతం ఎక్కువమంది ఎస్కలేటర్ వదిలి మెట్లెక్కారని అప్పుడు చెప్పారు. ఆ వీడియో చూసి మాకూ అలాంటిదే కావాలి అని అడిగే క్లయింట్లు ఇప్పటికీ ఉన్నారు. అది కొద్ది రోజుల ప్రచారం. ఆ మెట్ల పక్కనే కౌంటర్‌లో ఎనిమిది గంటలు కూర్చునే మనిషిని తలుచుకోండి. కొత్త పోయాక కూడా నిలవాలంటే, బదులు రోజుని బట్టీ, వేళని బట్టీ, జనం ఎంతమంది అన్నదాన్ని బట్టీ మారుతూ ఉండాలి.

ఇంకో మాట. ప్రతి దారికీ సెన్సర్ అక్కర్లేదు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో రెండు భవనాల్ని కలిపే దారిలో లియో విల్లరియల్ 2008లో పెట్టిన 'మల్టీవర్స్' ఉంది. సుమారు 41,000 ఎల్‌ఈడీలు. ఎవరు వస్తున్నారో దానికి తెలియదు. జనం మూవింగ్ వాక్‌వే మీద సాగిపోతుంటే ప్రోగ్రామ్ తన పాటికి తాను వెలుగుల్ని మారుస్తూ ఉంటుంది, అయినా అద్భుతంగా ఉంటుంది. సెన్సర్ పెట్టే ముందు అది లేకపోతే ఏం పోతుందో ఒకసారి అడిగి చూడండి.

సరే, అయినా పెట్టాలనుకున్నారు. బల్ల దగ్గరికి వద్దాం. అందరూ ముందు కొనేది పీఐఆర్ సెన్సర్, అంటే ఒంటి వేడిని బట్టి కదలికని పట్టేది. చవకే, పనిచేస్తుంది. కానీ అది వేడిలో వచ్చే మార్పుని మాత్రమే చూస్తుంది. మనిషి కదలకుండా నిలబడితే దాని లెక్కలో మనిషి లేనట్టే. ఒకసారి ట్రిగ్గర్ అయ్యాక కొన్ని సెకన్లు అలాగే ఉండిపోతుంది కూడా. ఎవరో వచ్చారు అని చెప్పడానికి సరిపోతుంది, ఎక్కడ ఉన్నారో చెప్పలేదు.

తర్వాత అల్ట్రాసోనిక్ సెన్సర్, హెచ్‌సీ ఎస్ఆర్04 అనే మోడల్. మనకి వినపడని శబ్దం పంపి, దాని ప్రతిధ్వనిని బట్టి దూరం చెబుతుంది. ఒక్కసారి కొలవడానికి 60 మిల్లీసెకన్లు ఇవ్వమంటారు. ఒకదాని ప్రతిధ్వని ఇంకోదానికి తగలకుండా 16 సెన్సర్లని ఒకదాని తర్వాత ఒకటి నడిపితే ఒక రౌండ్‌కి 960 మిల్లీసెకన్లు. మన మనిషి ఈలోగా మీటరు పైనే నడిచేశాడు. అందుకే దూరదూరంగా ఉన్న నాలుగింటిని ఒకేసారి నడిపిస్తూ గ్రూపులు చేయాలి. అప్పుడు రౌండ్ 240కి వస్తుంది. అదీ ఎక్కువే, కాబట్టి ఇక్కడ నా ఓటు లేజర్ టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్లకి, అంటే వెలుగు వెళ్ళి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచేవాటికి.

సీలింగ్‌కి డెప్త్ కెమెరా, అంటే ఏది ఎంత దూరంలో ఉందో కూడా చూసే కెమెరా, బిగిస్తే ఇంకా మంచిది, ఒకరి వెనక ఒకరు దాక్కోరు. ముఖాలు కూడా అక్కర్లేదు, పైనుంచి ఆకారం చాలు. కానీ ఇక్కడ దాదాపు అందరూ తప్పే లెక్క ఒకటుంది. స్క్రీన్ మీద గీస్తున్నాను చూడండి. సీలింగ్ 3 మీటర్లు, కెమెరా వ్యూ 57 డిగ్రీలు. నేల మీద 3.26 మీటర్లు కవర్ అవుతుంది. బాగుంది అనుకుంటాం. కానీ మనం పట్టుకోవాల్సింది తలని. తల 1.7 మీటర్ల ఎత్తులో ఉంటే కెమెరాకీ తలకీ మధ్య 1.3 మీటర్లే. ఆ ఎత్తులో కవరేజ్ 1.41 మీటర్లు. సగం కూడా లేదు! కెమెరాల మధ్య దూరం నేలని బట్టి వేసుకుంటే పొడవైన మనుషులు మధ్యమధ్యలో మాయమైపోతారు.

ఇప్పుడు ఈ ఎల్‌ఈడీ స్ట్రిప్ చూడండి. 5 వోల్ట్‌ల డబ్ల్యూఎస్2812 రకం, మీటరుకి 60 ఎల్‌ఈడీలు, మొత్తం 5 మీటర్లు. పవర్ ఈ ఒక్క చివరే ఇచ్చాను. తెలుపు పెడుతున్నాను. ఇటు తెల్లగా ఉంది, అటు పోయేకొద్దీ పసుపు, ఆ చివర ఎర్రబారిపోయింది. పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ 60 మిల్లీఆంప్‌లు తీసుకుంటుంది, 300కి 18 ఆంప్‌లు. సన్నటి రాగి పట్టీలో వోల్టేజ్ పడిపోతోంది. నీలానికీ ఆకుపచ్చకీ ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి అవి ముందు తగ్గిపోయి ఎరుపు మిగులుతుంది. రెండో చివర కూడా పవర్ ఇస్తున్నాను. చూశారా, సర్దుకుంది. పొడవాటి దారికైతే మధ్యమధ్యలో పవర్ ఇవ్వాలి, లేదా 12, 24 వోల్ట్‌ల స్ట్రిప్‌కి మారాలి. ఈ వైర్లు ఎటునుంచి వెళ్తాయో ఆర్కిటెక్ట్‌తో మొదటి మీటింగ్‌లోనే మాట్లాడండి, సీలింగ్ మూసేశాక అడిగితే లాభం లేదు.

భద్రత గురించి. అదే దారి ప్రమాదం వచ్చినప్పుడు బయటపడే దారి కూడా. వెడల్పు తగ్గించకూడదు, ఎమర్జెన్సీ లైట్లు మన కంట్రోలర్‌తో సంబంధం లేకుండా వెలగాలి, ఫైర్ అలారం మోగగానే మన షో ఆగి మామూలు వెలుగు రావాలి. అమెరికా యాక్సెసిబిలిటీ రూల్ ప్రకారం నేల నుంచి 27, 80 అంగుళాల మధ్యలో ఉన్నదేదీ గోడ నుంచి 4 అంగుళాల కంటే ముందుకు రాకూడదు. చేతికర్ర నేల మీద తడుముతూ నడిచేవాళ్ళకి పైన పొడుచుకొచ్చింది తెలియదు, నేరుగా తగులుతుంది. మీ దగ్గర రూల్ ఏదైనా ఈ కారణం మాత్రం మారదు.

మెరుపులు సెకనుకి మూడు దాటకూడదు. డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్ లైట్ టన్నెల్‌లో దీనికి ఇంకో ఏర్పాటు కూడా ఉంది. రెండు చివర్లా పెద్ద బటన్లు ఉన్నాయి. మూర్ఛ సమస్య ఉన్నవాళ్ళు గానీ, అసలు ఈ వెలుగులు నచ్చనివాళ్ళు గానీ నొక్కితే ఐదు నిమిషాల దాకా షో ఆగిపోతుంది. నాకు వద్దు అని చెప్పే హక్కుని దారి మొదట్లోనే పెట్టారు. నేను చూసిన వాటిల్లో కాపీ కొట్టి తీరాల్సిన ఐడియా ఏదంటే ఇదే అంటాను.

మెయింటెనెన్స్ విషయంలో మళ్ళీ కెండల్ బ్యాండ్ దగ్గరికే వెళ్ళాలి. రోజూ ఎంతోమంది లాగే హ్యాండిళ్ళు పాడవుతూ వచ్చాయి. చాలాకాలం మాటిస్ తానే వచ్చి బాగుచేసేవాడు. తర్వాత మూగబోయి ఉన్న రోజులూ ఉన్నాయి. 2010 తర్వాత ఎంఐటీ విద్యార్థులు పూనుకుని మళ్ళీ మోగించారు. అక్కడ అలాంటి పిల్లలు దొరికారు, మనకి దొరుకుతారని అనుకోలేం. అందుకే కొటేషన్‌లో మెయింటెనెన్స్‌ని వేరే లైన్‌గా రాయండి. కరెంటు పోయి వస్తే ఎవరూ ముట్టుకోకుండా సిస్టమ్ దానంతటదే లేవాలి. చెయ్యి తగిలే ప్రతి భాగానికీ స్పేర్ అక్కడే బీరువాలో ఉండాలి, ఆ బీరువా తాళం భవనం ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండాలి.

ఎవరైనా ఇలాంటి దారి మీద పనిచేస్తుంటే పొడవు, వెడల్పు, సీలింగ్ ఎత్తు, జనం ఎక్కడ ఆగుతున్నారో రాసి పంపండి. వచ్చే వీడియోలో ఒకదాన్ని తీసుకుని, సెన్సర్లు ఎక్కడ పెట్టాలో ప్లాన్ మీద గీసి చూపిస్తాను.